చేతికి చిక్కిన శత్రువు



ఎప్పుడూ ఊరగాయలూ, పిల్లల చదువులూ, అత్తాకోడళ్ళ సంగతులూ చెప్పే ఈవిడ ఇవాళ యుద్ధం గురించి మొదలుపెట్టిందేమిటా అనుకుంటున్నారు కదూ? యుద్ధం మన వంటింటి దాకా రాదని మనకొక ధీమా. కాని మొన్న సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకని ఈ మాటలు.

మా పెద్దాడపడుచు కొడుకు సైన్యంలో హవల్దారు. పధ్నాలుగేళ్ళ సర్వీసు. పండక్కి సెలవు దొరికితే తల్లిని తీసుకుని కొండపల్లి మా ఇంటికి వచ్చాడు. అరిసె తుంచుకుంటూ కూర్చున్నవాణ్ణి మా చిన్నవాడు, తొమ్మిదో క్లాసు వెధవ, ఉండబట్టలేక అడిగేశాడు: "బావా, నువ్వెప్పుడైనా ఎవర్నైనా చంపావా?" అని. నేను వాడికేసి గుడ్లురిమాను. మా వదిన చప్పున లేచి లోపలికి వెళ్ళిపోయింది. అతను మాత్రం కోప్పడలేదు. "అది అడక్కూడదురా. చంపకుండా వదిలేసింది ఒకటుంది, కావాలంటే అది చెబుతా" అన్నాడు.

ఏ ఊరో చెప్పలేదు, కొండలన్నాడు, చలన్నాడు. తెల్లవారుజామున కాల్పుల్లో అతనితో కలిసి ట్రైనింగయిన స్నేహితుడు పోయాడట. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఇంకో గంటకి, కాల్పులు జరిపినవాళ్ళలో ఒకడు తుపాకి పారేసి, చేతులెత్తి, కుంటుకుంటూ బయటికి వచ్చాడు. ఇరవయ్యేళ్ళుంటాయేమో. "అత్తయ్యా, నా వేలు ట్రిగ్గరు మీదే ఉంది. అప్పుడు నొక్కితే అడిగేవాడు లేడు. మా సుబేదారు సాబ్ పక్కనుంచి వచ్చి, ఏమీ అనకుండా నా తుపాకి గొట్టం కిందికి వంచాడు. వాడికి నీళ్ళు పట్టమన్నాడు. ఆయనతో నేను ఏడాదిపాటు అవసరానికి తప్ప మాట్లాడలేదు."

లోపలున్న వదిన అంతా వింటూనే ఉంది కాబోలు, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మీవాణ్ణి చంపినవాడికి నీళ్ళెందుకు పోశార్రా?" అంది.

"ఆర్డరమ్మా" అన్నాడు.

"రేపు నువ్వు చేతిలో ఏమీ లేకుండా వాళ్ళకు దొరికితే, నీకు పోస్తారా?"

అతను మాట్లాడలేదు. చూడండి, ఒక తల్లి అడిగిన ప్రశ్న అది. దాన్ని నేను తీసిపారెయ్యలేకపోయాను. యుద్ధంలో ధర్మమేమిటి, చంపడమే పని అయినప్పుడు ఎవర్ని చంపకూడదని సైనికుడికి ఎవరు నేర్పుతారు, వాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు అని ఆ రాత్రంతా ఆలోచించాను. మెట్రిక్ చదివినదాన్ని, పెద్ద పుస్తకాలు చదవలేదు. ఆ తరవాత పదిమందినీ అడిగి, అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

మర్నాడు పిల్లల్ని తీసుకుని ఖిల్లా ఎక్కాం. కొండపల్లి అనగానే మీకు తెల్ల పొణికి బొమ్మలూ, అంబారీ ఏనుగూ గుర్తొస్తాయి. కొలువుకి నాలుగు బొమ్మలు కొనుక్కుని వెళ్ళిపోతారే గాని కొండెక్కేవాళ్ళు తక్కువ. (పైదాకా రోడ్డుంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడక్కర్లేదు.) రెడ్డిరాజుల నాటి కోట ఇది, 14వ శతాబ్దంది. తరవాత ఒరిస్సా గజపతుల చేతికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టుకుని, ఆ మీదట కృష్ణ దాటి వచ్చి దీన్ని ముట్టడించాడు.

కొండవీట్లో గజపతి కొడుకు వీరభద్రుడు, ఇంకా కొందరు పాత్రులూ పట్టుబడ్డారు. వాళ్ళని ప్రాణాలతో పట్టుకుని అభయమిచ్చినట్టు రాయలు శాసనాలు వేయించాడు. నాకిది వింతగా తోచింది. ఇంతమందిని నరికాను అని చెప్పుకోవడం రాజులకు మామూలే. ఇంతమందిని చంపకుండా వదిలాను అన్నది కూడా గొప్పగానే రాతిమీద చెక్కించుకున్నాడన్నమాట. ఇక కొండపల్లి కోటలో గజపతి రాణి ఒకామె, ఒక రాజకుమారుడు, ఏడుగురు దళపతులు చిక్కారని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాశాడు.

శత్రువు కోట పడితే, లోపలి ఆడవాళ్ళ గతేమిటి? రాయలవారే ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ దీనికి జవాబు ఇచ్చారు. పగవాడి అంతఃపురం చేతికి చిక్కితే, ఆ స్త్రీలకు అది పుట్టినిల్లులా ఉండేట్టు చూసుకోవాలన్నారు. ఆ పోలిక చూశారా? గౌరవంగా చూడు, బాధించకు అని ఊరుకోలేదు. పుట్టిల్లంటే ఏమిటో సైనికుడికి వేరే చెప్పక్కర్లేదు. వాడికీ అక్కచెల్లెళ్ళుంటారు. చదువురాని భటుడికి కూడా ఒక్క మాటలో అర్థమయ్యే నియమం అది.

అయితే చెప్పినంత చేశారా అంటే, అక్కడుంది తిరకాసు. ఆ రాజకుమారుడు కత్తిసాములో దిట్ట అని విని, విజయనగరంలో అందరి ముందూ తన విద్య చూపించమన్నాడట రాయలు. ఎదురుగా ఒక సామాన్యుణ్ణి నిలబెట్టారట. రాచబిడ్డని, ఇలాంటివాడితో తలపడతానా అని అవమానపడి, అతను తన కత్తితోనే ప్రాణం తీసుకున్నాడని నూనిజ్ రాశాడు. ఆయన సుమారు ఇరవయ్యేళ్ళ తరవాత, విన్నది రాశాడు. అటు చూస్తే వీరభద్రుడికి కన్నడ దేశంలో ఒక సీమ పాలన అప్పగించినట్టు 1516 నాటి శాసనం ఒకటి కనిపిస్తుంది. రెండూ నిజమే అయినా నాకు ఆశ్చర్యం లేదు. ఒకే ఇంట్లో కోడలికి పట్టుచీర పెడతారు, పదిమందిలో మాటా అంటారు. మనకు తెలియని సంగతా?

ఆ నియమం మీద నమ్మకం లేని చోట ఏమవుతుందో బొబ్బిలి చెబుతుంది. 1757 జనవరి 24. బుర్రకథల్లో విని ఏడ్చినవాళ్ళమే అందరం. బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం సేన కలిసి కోట మీద పడ్డాయి. ఇక నిలవదని తెలిశాక, తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ కోటలోని మగవాళ్ళే చంపుకున్నారు. ఇళ్ళకు నిప్పు పెట్టారు. ఆ వీరత్వాన్ని మనం పాటలుగా పాడుకుంటాం. నాకు మాత్రం ఇప్పుడు వింటుంటే ఇంకోటి తోస్తోంది. గెలిచినవాడు ఆడదాని జోలికి రాడని లోపలివాళ్ళకు నమ్మకముంటే, ఆ తల్లులూ ఆ పిల్లలూ అలా పోవలసి వచ్చేదా? శత్రువు కత్తి తగలకముందే వాళ్ళు చచ్చిపోయారు. యుద్ధనీతి అనేది శత్రువు మీద దయ అనుకుంటాం గాని, అది కోటలో ఉన్న ఆడదాని ప్రాణమండీ.

ఇప్పటి సైనికుడికి దీన్ని ఎలా నేర్పుతారు అని కొండ దిగుతూ మావాణ్ణి అడిగాను. మొదట కాయితం మీదున్నది చెబుతాను.

1949లో జెనీవాలో నాలుగు ఒప్పందాలు కుదిరాయి. గాయపడినవాళ్ళు, ఓడ మునిగి నీళ్ళపాలైనవాళ్ళు, యుద్ధఖైదీలు, మామూలు ప్రజలు - ఈ నలుగురి గురించీ. మన దేశం 1950లో ఒప్పుకుంది, 1960లో దానికి చట్టం కూడా చేసింది. పట్టుబడిన సైనికుడు తన పేరు, హోదా, నంబరు, పుట్టినతేదీ చెబితే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వాణ్ణి కొట్టకూడదు, తిండి పెట్టాలి, వైద్యం చేయించాలి. క్యాంపుకు చేరిన వారంలోపల ఇంటికి ఒక కార్డు రాసుకోనివ్వాలి. ఈ కార్డు సంగతి రాసినవాళ్ళెవరో గాని, వాళ్ళ ఇంట్లో ఎదురుచూసిన తల్లి ఎవరో ఉండి ఉంటుంది. ఖైదీని అవమానించకూడదనీ, జనం వింతగా చూడ్డానికి నిలబెట్టకూడదనీ కూడా అందులో ఉంది. నూనిజ్ చెప్పిన ఆ రాచబిడ్డ కథ ఇక్కడ మళ్ళీ గుర్తొచ్చింది నాకు.

1971 యుద్ధం తరవాత సుమారు 93,000 మంది పాకిస్తాన్ వాళ్ళు, సైనికులూ వాళ్ళతో ఉన్న పౌరులూ కలిపి, మన చేతికి వచ్చారు. వాళ్ళని క్యాంపుల్లో ఉంచి, తిండి పెట్టి, 1974 ఏప్రిల్ నాటికి వెనక్కి పంపాం.

మరి యుద్ధం ప్రకటించకుండా, యూనిఫారం లేకుండా చాటునుంచి కాల్చేవాళ్ళ సంగతి? మావాడు చెప్పిన కుర్రాడు అలాంటివాడే. అలాంటివాడికి యుద్ధఖైదీ హోదా ఉండదు. కాని ఆయుధం పారేశాక చంపే హక్కూ ఉండదు. ప్రాణాలతో పట్టుకుని, ఆలస్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. అలాంటి ప్రాంతాల్లో పనిచేసే జవాన్లకు చెయ్యదగినవి, చెయ్యరానివి అని ఒక పట్టిక ఇస్తారు. అవి ఉత్త సలహాలు కావు, తప్పకుండా పాటించాలని సుప్రీంకోర్టు 1997లోనే తీర్పు చెప్పింది. ఇంకొకటి. మన 1950 నాటి ఆర్మీ చట్టం పైవాడి ఆజ్ఞను ధిక్కరిస్తే శిక్ష అంటుంది గాని, అది న్యాయసమ్మతమైన ఆజ్ఞ అయివుండాలంటుంది. "అధికారి చెప్పాడు, చేశాను" అనేది అన్నివేళలా సాకు కాదన్నమాట.

ఇదంతా పాఠం. "పాఠం అందరికీ వస్తుందత్తయ్యా, పరీక్షలో కూడా రాస్తాం. ఆ నిమిషంలో మాత్రం గుర్తుకురాదు" అన్నాడు మావాడు. "ఆకలి, నిద్ర లేదు, చెవుల్లో హోరు. పక్కన మనవాడు పడున్నాడు. అప్పుడు ఏ కార్డూ జేబులోంచి తియ్యం. మన కంపెనీలో పెద్దవాడు ఏం చేస్తే అదే చేస్తాం." వంద పేజీల చట్టం చివరికి ఒక సుబేదారు చేతిలోకి వస్తుంది. తుపాకి గొట్టాన్ని వంచిన ఆ చేతిలోకి. ఆయన ఆ రోజు ఆ పక్కన లేకపోతే? మావాడు ఇంటికొచ్చి అరిసె తింటూ ఉండేవాడే, ఎవరికీ తెలిసేది కాదు. కాని మా చిన్నవాడు ఆ ప్రశ్న అడిగినప్పుడు కళ్ళెత్తి చూడగలిగేవాడా?

వియత్నాంలో మైలై అనే పల్లెలో 1968 మార్చి 16న అమెరికా జవాన్లు ఆడవాళ్ళనీ పిల్లల్నీ వందలమందిని కాల్చేశారు. అదే సైన్యానికి చెందిన హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టరు పైలటు, తన వాళ్ళకూ ఆ పల్లెవాళ్ళకూ మధ్య హెలికాప్టరు దించి అడ్డం నిలబడ్డాడు. కొందరిని అక్కణ్ణించి దాటించి కాపాడాడు. అతన్ని చాలాకాలం సొంతవాళ్ళే ద్రోహిలా చూశారు. పతకం ఇచ్చింది 1998లో, ముప్ఫై ఏళ్ళకు.

ఇక మా వదిన ప్రశ్న. నీకు పోస్తారా నీళ్ళు?

కంభంపాటి నచికేత గుర్తున్నాడా? ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది మన తెలుగువాళ్ళని. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న ఆయన నడుపుతున్న మిగ్ విమానం ఇంజను ఆగిపోయింది. దూకేసి పాకిస్తాన్ సైనికుల చేతికి చిక్కాడు. కొట్టారు. తమ మీద పైనుంచి దాడి చేసిన పైలటుగానే ఆ జవాన్లు తనని చూశారనీ, చంపేసేవాళ్ళేమో అనీ ఆయనే తరవాత చెప్పాడు. అంతలో వాళ్ళ అధికారి ఒకడు వచ్చి, ఇతను ఇప్పుడు ఖైదీ అని వాళ్ళని ఆపాడట. కోపంతో ఊగిపోతున్నవాళ్ళని ఆపడం చిన్న విషయం కాదని నచికేత మెచ్చుకున్నాడు కూడా. తరవాత కైసర్ తుఫేల్ అనే పాకిస్తాన్ వైమానికాధికారి ఆయనతో మర్యాదగా మాట్లాడి, శాకాహారమని తెలిసి తినడానికి ఏర్పాటు చేశాడంటారు. జూన్ 3న రెడ్ క్రాస్ ద్వారా అప్పగించారు. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ ఆ తల్లి ఎలా గడిపిందో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి వదినా, ఒక్కోసారి పోస్తారు. అక్కడా ఒక సుబేదారు లాంటివాడు ఉంటే పోస్తారు. ఎప్పుడూ పోస్తారని అబద్ధం చెప్పలేను. 1965, 1971 యుద్ధాల్లో కనబడకుండా పోయి, పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని మనం నమ్మే 54 మంది పేర్ల జాబితా ఒకటుంది. మా దగ్గర లేరని వాళ్ళంటారు. ఆ కార్డు రాని ఇళ్ళు అవి.

వదిన అంతటితో ఊరుకోలేదు. "సూర్యాపేట కర్నలు సంగతేమిటి మరి? నియమం పాటించే గదా పోయాడు" అంది. ఈ మాట చాలామంది అంటున్నారు గనక కాస్త వివరంగా చెప్పాలి. బిక్కుమళ్ళ సంతోష్ బాబు, 16 బీహార్ రెజిమెంటు కమాండరు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనావాళ్ళతో జరిగిన కొట్లాటలో ఆయనతో సహా ఇరవైమంది మనవాళ్ళు చనిపోయారు. రాళ్ళు, మేకులు కొట్టిన కర్రలు. తుపాకి పేలలేదు. మనవాళ్ళ దగ్గర ఆయుధాలున్నాయి, కాని 1996, 2005 ఒప్పందాల ప్రకారం అక్కడ ఎదురుపడినప్పుడు కాల్చకపోవడం ఆనవాయితీ అని ప్రభుత్వం చెప్పింది.

ఇది వేరు, అది వేరు. గల్వాన్‌ది రెండు దేశాల మధ్య ఒప్పందం, గట్టు తగాదా పెద్దదవకుండా ఇద్దరు పెద్దమనుషులు రాసుకున్న కాయితం లాంటిది. అవతలివాడు మాట తప్పితే ఇవతలివాడు ఎంతవరకు కట్టుబడాలన్నది అడగదగిన ప్రశ్నే. నన్నడిగితే, ఆ కాయితం మీద అంత భారం వెయ్యకుండా ఉండవలసింది. కాని చేతులెత్తినవాణ్ణి చంపకపోవడం ఒప్పందం మీద ఆధారపడింది కాదు. వాడు తప్పాడు గనక నేనూ తప్పుతాననడానికి లేదు. మీదికొచ్చేవాణ్ణి కాల్చవద్దని ఏ యుద్ధనీతీ అనదు. ఇక మీదికి రాలేనివాణ్ణి కాల్చవద్దంటుంది, అంతే. ఈ రెండింటినీ కలిపేసి మనం మన పిల్లలకు నీతి చెబితే చస్తారని భయపడుతున్నాం.

భాగవతంలో ద్రౌపది కథ చెప్పాను వదినకు. నిద్రలో ఐదుగురు పిల్లల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వదిలెయ్యండి, నాలాగా వాళ్ళమ్మ ఏడవకూడదు అంది గదా ఆవిడ. మా వదిన నా వైపు చూసి, "ఆవిడ ద్రౌపదమ్మా. నేను కాదు" అంది. నాకు నోట మాట రాలేదు. నిజమే, నేనూ కాను.

కాని ఒక్క సంగతి మాత్రం మనం చెయ్యగలం, చెయ్యటం లేదు. 2019 ఫిబ్రవరి 27న మన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ అక్కడ పట్టుబడినప్పుడు, కళ్ళకు గంతలు కట్టి ముఖం మీద రక్తంతో ఉన్న వీడియో వచ్చింది. ఖైదీని అలా చూపించడం తప్పని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మనం ఏం చేశాం? నేనే మా అపార్టుమెంటు స్నేహితురాలికి పంపాను, ఆవిడ ఇంకో పదిమందికి పంపింది. ఎంత మందికి చేరిందో! వాళ్ళింట్లో వాళ్ళకీ చేరి ఉంటుందని అప్పుడు తట్టలేదు నాకు. ఆయన మార్చి 1న తిరిగి వచ్చాడు. నేను పంపినది మాత్రం తిరిగి రాలేదు. శత్రువు ఖైదీ వీడియో వస్తే ఇంకా సంతోషంగా పంపుతాం. ఇంట్లో పిల్లలు చూస్తూనే ఉంటారు. ఆ పిల్లల్లోంచే రేపు సైన్యంలోకి వెళతారు. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక పదిహేడున్నర ఏళ్ళకే చేరుతున్నారు, నాలుగేళ్ళకు. ఆరేడు నెలల ట్రైనింగులో తుపాకి పట్టడం వస్తుంది. దించడం ఎవరు నేర్పుతారు?

"ఇప్పుడు నా కింద అలాంటి కుర్రాళ్ళు పదిమంది ఉన్నారత్తయ్యా. ఇదివరకు సాబ్ ఉండేవాడు. ఇప్పుడు వాళ్ళు నాకేసి చూస్తారు" అన్నాడు మావాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో భయం చూశాను. కాల్పుల గురించి చెప్పినప్పుడు లేని భయం.

సెలవైపోయి బయల్దేరే రోజున వదిన అరిసెల డబ్బాలు రెండు కట్టింది. ఒకటి కొడుక్కి. రెండోది ఎవరికంటే, రిటైరై వాళ్ళ ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్న ఆ సుబేదారుగారికి పోస్టులో పంపమంది. "ఆయనతో ఇప్పుడు మాట్లాడుతున్నావా?" అని మాత్రం అడిగింది కొడుకుని. ప్రతి దీపావళికీ ఫోను చేస్తానన్నాడు. దారిలో నూనె ఓడకుండా లోపల అరిటాకు పరిచి, పైన గుడ్డ కట్టాం. నెయ్యి వేసినవి గనక పాడుకావు, చేరేసరికి వారం పట్టినా ఫరవాలేదు.

ఉంటాను మరి, సెలవు.